మూడోసారి వచ్చిన పాదం నొప్పికి మళ్లీ అదే మాత్రా?

ఓ.పి.లో మాకు రోజూ వినబడే మాట ఇది: "సిస్టరమ్మా, కాలు బెణికింది, నాలుగు మాత్రలు రాయించండి." పాదం నొప్పిని ఎవరూ పెద్దగా లెక్కచేయరు. చాలామందికి ఆ అవసరం ఉండదు కూడా. బెణుకు, మడమ నొప్పి, షుగరు, బిగుతు చెప్పులు, ఎక్కువగా ఇవే కారణాలు. ఎముకలో పుట్టే గడ్డలే అరుదు. వాటిలో పాదానికి వచ్చేవి నూటికి ఐదారు, అందులోనూ ఎక్కువ భాగం క్యాన్సరు కానివే. అరుదు కాబట్టే అవి మన కళ్లు తప్పించుకుంటాయి. ఆ తప్పులో మాకూ వాటా ఉంది.

కొన్నేళ్ల క్రితం పదమూడేళ్ల అబ్బాయి ఒకడు మడమ వాపుతో వచ్చాడు. కబడ్డీలో దెబ్బ తగిలిందన్నారు. క్రేప్ బ్యాండేజి చుట్టి పంపాము. నెల తర్వాత మళ్లీ వస్తే మాత్రలు మారాయి. మధ్యలో ఇంట్లో ఆముదం కాచి మర్దన చేశారట. మూడోసారి వచ్చేసరికి వాపు వేడిగా ఉంది, జ్వరం కూడా ఉంది. చీము పట్టిందనుకుని కోయడానికి ట్రే సిద్ధం చేశాము. అప్పుడు కొత్తగా చేరిన చిన్న నర్సు, "ఇంతవరకు ఎక్స్‌రే తీయలేదు కదా మేడమ్" అంది. ట్రే పక్కన పెట్టాము. ఎక్స్‌రేలో మడమ ఎముక పురుగు తిన్నట్టుగా ఉంది. పెద్ద ఆసుపత్రిలో అది యూయింగ్ సార్కోమా అని తేలింది.

1921లో జేమ్స్ యూయింగ్ అనే అమెరికా డాక్టరు వివరించిన క్యాన్సరు ఇది. ఎక్కువగా పిల్లల్లో, యుక్తవయసు వారిలో వస్తుంది. జ్వరం, వాపు, వేడి, రక్తంలో ఇ.ఎస్.ఆర్. పెరగడం, అన్నీ చీము పట్టిన ఎముకలాగే ఉండవచ్చు. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే చిన్న గడ్డ ఇంకో రకంగా మోసం చేస్తుంది. రాత్రి నిద్ర లేపేంత నొప్పి, నొప్పి మాత్ర వేస్తే ఇట్టే తగ్గిపోతుంది. తగ్గుతోంది కదా అని నెలల తరబడి మాత్రలే మింగుతారు. అది క్యాన్సరు కాదు. సి.టి. స్కాన్‌లో పట్టుకుంటే, చాలామందికి సూదిలాంటి పరికరంతో వేడి పెట్టి నయం చేస్తున్నారు.

ఒకే పాదంలో ఒకే చోట నొప్పితో మూడోసారి వచ్చిన మనిషిని ఎక్స్‌రే లేకుండా ఇంటికి పంపకూడదని మా అభిప్రాయం. రాత్రి నొప్పి గానీ పెరుగుతున్న వాపు గానీ ఉంటే మూడోసారి దాకా కూడా ఆగనక్కరలేదు. ఖర్చని మీరు వెనకాడతారు, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని మేమూ ఊరుకుంటాము. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ రండి. మొదట్లో కొన్ని అందులో కనబడవు, ఎమ్మారై కావలసి వస్తుంది. వాపు ఎందుకో తేలేదాకా మర్దన మాత్రం వద్దు.

"ముక్క తీస్తే క్యాన్సరు పాకుతుందట" అని సంఘంలో చాలామంది మమ్మల్ని అడుగుతారు. అడగడం మంచిదే. అయితే ముక్క తీయకుండా జబ్బు పేరు తేలదు. దాన్ని ఎక్కడ, ఎవరు తీస్తారన్నదే ముఖ్యం. 1982లో అమెరికాలో హెన్రీ మాన్కిన్, ఆయన తోటి వైద్యులు 329 మంది బయాప్సీలను పరిశీలించారు. చికిత్స చేసే కేంద్రంలో కాక, అంతకుముందే వేరేచోట ముక్క తీసినవారిలో చిక్కులు కొన్ని రెట్లు ఎక్కువగా కనబడ్డాయి. పాదంలో కండ తక్కువ, 26 ఎముకలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కోత తప్పుచోట పడితే సరిదిద్దే జాగా ఉండదు. ఆపరేషను చేయబోయే డాక్టరే ఆ చోటు నిర్ణయించాలి. "అంత దూరం ఎందుకమ్మా, ఇక్కడే కోసేయండి" అని మీరు బతిమాలినా వేలూరు సి.ఎం.సి.కో, హైదరాబాదు ఎం.ఎన్.జె.కో చీటీ రాయించేది అందుకే. వెళ్లేటప్పుడు పాత ఫిల్ములన్నీ తీసుకెళ్లండి.

ఆ అబ్బాయికి కీమో ఇచ్చారు, మోకాలి కింద కాలు తీయవలసి వచ్చింది. ఇప్పుడు కృత్రిమ కాలితో డిగ్రీ కాలేజీకి వెళ్తున్నాడు. మొదటి రోజే ఎక్స్‌రే తీసి ఉంటే కాలు దక్కేదా? వాళ్లమ్మ ఎప్పుడూ అడగలేదు. మేమే అనుకుంటూ ఉంటాము.

ఈ నెల నుంచి పాదం నొప్పితో వచ్చేవారి ఓ.పి. చీటీ మీద ఎన్నోసారి వచ్చారో రాస్తున్నాము. మేము మరిచిపోతే మీరే గుర్తుచేయండి.