నీ ఉద్ది యాడమ్మా?

పోయిన ఎండాకాలం సెలవుల్లో కల్మలలో కోలాటం క్లాసు పెట్టినారు. బయటినుంచి ఒక మాస్టారు వచ్చి ఇరవై రోజులు నేర్పించారు. ఒక్క రోజు కూడా మానకుండా పోయినాను. చివరి రోజు ఇంటికొచ్చి అవ్వ ముందర ఆడి చూపించినాను. అవ్వ అంతా చూసి, "బాగుంది గానీ, నీ ఉద్ది యాడమ్మా?" అనింది.

ఉద్ది అంటే జతగా నిలబడే మనిషి. అవ్వ చెప్పిన కోలాటంలో రెండు చుట్లు ఉంటాయి. లోపలి చుట్టువాళ్లు, బయటి చుట్టువాళ్లు ఎదురెదురుగా నిలబడి కర్రకు కర్ర తగిలిస్తారు. అడుగుల వరుసను కోపు అంటారు. కోపు కోపుకూ జరిగి కొత్త ఉద్దితో ఆడాలి. లోపల పన్నెండు మంది, బయట పన్నెండు మంది ఉంటే, చుట్టు తిరిగి వచ్చేసరికి పన్నెండు మంది కర్రలు మన కర్రకు తగిలి ఉంటాయి.

మాకు నేర్పింది ఇది కాదు. ఇరవైనాలుగు మందిని నాలుగు వరుసలు నిలబెట్టారు. అందరి ముఖాలూ జనం వైపు, నిజం చెప్పాలంటే ఫోన్ల వైపు. మన కర్రలు మనమే కొట్టుకోవాలి. పాట మొత్తం మీద పక్క పిల్ల కర్ర తగిలేది రెండే సార్లు. ఆ పక్క పిల్ల కూడా మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒకతే.

కాలం మారితే అడుగులు మారవా అని మీరు అడగొచ్చు. మారతాయి, మారాలి కూడా. మా తాత "మా ఊళ్లో మగవాళ్లే ఆడేది, ఆడపిల్లలకు ఇదంతా ఎందుకు?" అంటాడు. అవ్వ తన పుట్టింటి సంగతి చెప్తే, "అది మీ ఊరు" అంటాడు. కానీ హంపి శిల్పాల్లో కర్రలు పట్టుకొని ఆడుతున్న ఆడవాళ్లు ఉన్నారు. 1623లో మన కర్ణాటకలోని ఇక్కేరికి వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే, రంగు కర్రలు తాకిస్తూ పాడుకుంటూ పోయే ఆడపిల్లల గురించి రాసుకున్నాడు. తాత చెప్పే పాత కంటే ముందు ఇంకో పాత ఉంది. కాబట్టి పాతదే మంచిదని నేను వాదించడం లేదు.

వరుసలు కట్టడం తప్పని కూడా అనను. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందర మాడవీధుల్లో నడుస్తూ కోలాటం ఆడతారు. నడిచేవాళ్లకు వరుస కావాలి. మా స్టేజి ఎక్కడికీ నడవదు కదా!

క్యూబా దేశంలో రుయెదా అనే జంటల డాన్సు ఉంది. 1950ల చివర్లో హవానాలో పుట్టింది. చుట్టూ జంటలు నిలబడతాయి, ఒకరు అడుగు పేరు కేక వేస్తారు, అందరూ ఒకేసారి జత మారతారు. అది వేరే దేశాలకు పోయింది. పోయిన చోటల్లా నేర్పేవాళ్లు కొత్త అడుగులు కలిపారు. జత మారడం మాత్రం తీసేయలేదు.

మరి మా దగ్గర ఎందుకు తీసేసినారు? జత మారితే తప్పులొస్తాయి, చూడ్డానికి బాగుండదు అన్నారు. తప్పులొస్తాయి, నిజమే. అవ్వ మా వేపచెట్టు కొమ్మకు పాత చీరల పేలికలు కట్టి, ఎనిమిది మందితో జడ కోలాటం ఆడించింది. సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ, ఒకరిని లోపలినుంచి, ఇంకొకరిని బయటినుంచి దాటుకుంటూ పోతే జడ పడుతుంది. నేను ఒక్కసారి తప్పు పక్కకు దాటినాను. జడ కాస్తా ముడి అయ్యింది. అందరం ఆగి, వచ్చిన దారినే వెనక్కి తిరిగి విప్పుకున్నాం. ఆ తర్వాత మళ్లీ ఆ తప్పు చేయలేదు. క్లాసులో అయితే మూడో పాటలో సగం అడుగులు నాకు రావు. ఇరవై రోజుల్లో ఎవరూ కనిపెట్టలేదు!

అసలు సంగతి ఇంకొకటి ఉంది. క్లాసు మొదలైన రెండో రోజు కొందరు అమ్మలు వచ్చి, మా పాపను ఫలానా పాప పక్కన నిలబెట్టండి అని చెప్పిపోయినారు. ఫలానా పాప పక్కన వద్దు అని కూడా చెప్పినారు. ఎందుకు వద్దో నేను రాయను, చదివే మీకు తెలుసు. మాస్టారు సరే అని జతలు మార్చేశారు. వద్దనిపించుకున్న పిల్ల చివరి వరుసలో మూలకు పోయింది. నాలుగు రోజులు వచ్చి మానేసింది.

జత మారే కోలాటంలో అయితే ఇది కుదరదు. ఎవరి పక్కన నిలబెట్టినా మూడు కోపుల తర్వాత ఆ పిల్ల మీ పాప ముందరే ఉంటుంది, కర్ర ఎత్తి. ఇద్దరూ ఒకరి కళ్లల్లోకి ఒకరు చూసుకోకపోతే దెబ్బ వేళ్ల మీద పడుతుంది.

అందుకని మన వార్షికోత్సవం గురించి టీచర్లకు ఒక మాట. పాట సినిమాదే పెట్టండి. చీరలు అందరికీ ఒకే రంగువి కొనండి. కొత్త అడుగులు ఎన్నైనా కలపండి. కానీ చుట్టు కట్టనివ్వండి, కోపు కోపుకూ ఉద్దిని మార్చనివ్వండి. జనానికి మా వీపులు కనిపిస్తాయి, కనిపించనివ్వండి. అమ్మలు ఎవరైనా జతల గురించి అడగడానికి వస్తే, అందరితో ఆడాల్సిందే అని చెప్పి పంపండి.

మానేసిన పిల్లను నేను పోయి అడిగినాను. చుట్టు ఆటైతే వస్తానంది. ప్రాక్టీసుకు మా వేపచెట్టు కింద జాగా ఉంది. కర్రలు తక్కువైతే అవ్వ దగ్గర నాలుగు జతలు ఉన్నాయి.