అయిదో తేదీలోగా

విశాఖ ఉక్కులో 2025లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం అమలైంది. ఉక్కునగరంలో ఎన్నో ఇళ్లకు పెద్ద మొత్తం ఒకేసారి చేరింది. జీతం ఆగిన ఇంటికి ఆ డబ్బే ఆధారం.

పన్ను పడని పొదుపు అనగానే గుర్తొచ్చేది పీపీఎఫ్. ఏడాదికి లక్షన్నరే పరిమితి, గడువు 15 ఏళ్లు. 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి తగ్గిన వడ్డీ 2025 అంతా అక్కడే ఉంది. కొత్త పన్ను విధానంలో కట్టిన సొమ్ముకు మినహాయింపు లేకపోయినా, వడ్డీపై పన్ను లేదు.

ఒక చిన్న లెక్క చూడండి. ఏప్రిల్ 5లోగా లక్షన్నర కడితే ఏడాది వడ్డీ 10,650 రూపాయలు. ఆరో తేదీన కడితే ఆ నెల వడ్డీ, అంటే సుమారు 887 రూపాయలు, రాదు.

సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం 2025లో 8.2 శాతం ఇచ్చింది. పరిమితి 30 లక్షలు. మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది గానీ, అది పన్ను లెక్కలోకి వస్తుంది. 55 ఏళ్లు నిండి స్వచ్ఛందంగా విరమించినవారు, విరమణ సొమ్ము అందిన మూడు నెలల్లోపు చేరాలి.

వడ్డీతోనే ఇల్లు గడవాల్సినవారికి రెండోదే మేలు. పిల్లల భవిష్యత్తుకైతే మొదటిది. అధిక వడ్డీ ఆశ చూపేవారి కాగితంపై సంతకం చేసేముందు, ఒక్కసారి పోస్టాఫీసుకు వెళ్లి ఈ రెండింటి వివరాలూ అడగండి.