ఒక్క ఫిల్ముతో తేల్చేస్తారా?

సంక్రాంతి దాటితే కోసిగి, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెలకు తరలివస్తాయి. పిల్లలూ వెంటే. పెద్దలు చేలో వంగి ఉంటే వాళ్లు కల్లాల దగ్గరా ట్రాక్టర్ ట్రక్కుల మీదా ఆడుకుంటారు. ఐదారేళ్ల బిడ్డ చెయ్యి చాచి కిందపడితే తరచూ విరిగేది మోచేతికి కాస్త పైన. పిండికట్టు చాలా, మత్తిచ్చి వైర్లు గుచ్చాలా అన్నది ఎక్స్‌రే చూసి వేసే ఒక అంకె తేలుస్తుంది. ఆ అంకెను మన ఆస్పత్రులు గుడ్డిగా నమ్ముతున్నాయి.

1959లో గార్ట్‌లాండ్ అనే అమెరికా డాక్టరు ఈ ఫ్రాక్చర్లను మూడు రకాలు చేశారు. ఎముక కదలకపోతే ఒకటి, వంగినా వెనుక అంచు తెగకపోతే రెండు, పూర్తిగా విడిపోతే మూడు. మూడో రకంలో పెద్దగా పేచీ రాదు. ఒకటికీ రెండుకీ మధ్యే చిక్కు. ఒకే ఫిల్ము మీద ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెప్పడం, కొన్నాళ్లకు మళ్లీ చూపితే అదే డాక్టరు తన మాట తనే మార్చుకోవడం పరీక్షల్లో తేలిన సంగతే. నొప్పికి అల్లాడే పిల్ల చెయ్యి కాస్త తిరిగినా పక్క నుంచి తీసిన ఫిల్ములో లెక్క మారుతుంది. ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి, ఫోనులో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి అభిప్రాయం అడిగితే ఇంకేం నిలుస్తుంది?

మోచేతి బయటి వైపు విరిగితే పరిస్థితి మరీ అన్యాయం. విరిగిన గీత కీలులో ఎటు వెళ్లిందన్న దాన్ని బట్టి 1964లో మిల్చ్ ఒక వర్గీకరణ ఇచ్చారు. కానీ ఐదేళ్ల బిడ్డకు అక్కడ ఉన్నది చాలావరకు మృదులాస్థి, అది ఎక్స్‌రేలో కనపడదు. కనపడని చోట గీతను ఊహించి రకం తేల్చడాన్ని శాస్త్రం అనలేం. సన్నని సందు మాత్రమే కనిపించిన చోట ఎముక వారంలో జారిపోవచ్చు. అతకకపోతే చెయ్యి వంకరపోతుంది, ఏళ్ల తర్వాత ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కి పట్టు తప్పుతుంది. మిరప కోసి బతకాల్సిన చెయ్యి అది.

ఒక్కో డాక్టరు ఒక్కో మాట చెబితే కూలి తల్లి నాటు వైద్యుల పుత్తూరు కట్టు బోర్డు వైపు నడుస్తుంది. ఆమెను తప్పుపట్టే హక్కు మనకు లేదు. అయితే చేతికి బిగించి కడితే రక్తం ఆగి వేళ్లు శాశ్వతంగా ముడుచుకుపోవచ్చని 1881లోనే జర్మన్ వైద్యుడు ఫోల్క్‌మాన్ హెచ్చరించారు. ఆ ముప్పు ఆస్పత్రి పిండికట్టుకూ ఉంది.

మా అభియోగం ఏ ఒక్క డాక్టరు మీదా కాదు, అంకె వేసి చేతులు దులుపుకొనే ఆరోగ్య శాఖ పద్ధతి మీద. ముందు నుంచి, పక్క నుంచి సరిగ్గా తీసిన రెండు ఫిల్ములు, బయటి వైపు అనుమానం ఉంటే ఏటవాలుగా మూడోది తప్పనిసరి చేయాలి. మణికట్టు నాడి, వేళ్ల కదలిక చీటీలో రాయాలి. ఫిల్ము కుటుంబం చేతికివ్వాలి. వారంలోపు మళ్లీ ఎక్స్‌రే తీయాలి. కోతలు ముగిసి ఆ కుటుంబం ఊరు చేరితే ఆదోని ఆస్పత్రిలో అదే చీటీ చూపి ఉచితంగా చూపించుకునే ఏర్పాటు ఉండాలి. వచ్చే కోతల లోపు వీటిపై ఉత్తర్వు రావాలి.