కన్నీరు ఆలస్యంగా వస్తే

ఇంటి పెద్దదిక్కు పోయినప్పుడు కొడుకు కంట తడి కనిపించకపోతే చుట్టుపక్కల వాళ్లు చెవులు కొరుక్కుంటారు. "వాడిది రాతిగుండె" అనేస్తారు. అలా అనేముందు మన హైదరాబాదు కుర్రవాడు మహమ్మద్ సిరాజ్ సంగతి గుర్తు తెచ్చుకోండి.

2020 నవంబరు 20న అతని తండ్రి మహమ్మద్ గౌస్ ఊపిరితిత్తుల జబ్బుతో హైదరాబాదులో కన్నుమూశారు. ఆటో నడిపి కొడుకును క్రికెటర్ని చేసిన మనిషి. కొడుకేమో ఆస్ట్రేలియాలో, భారత జట్టుతో, కరోనా కట్టుబాట్ల మధ్య చిక్కుకున్నాడు. ఇంటికి వెళ్లవచ్చునని బోర్డు వారన్నా, నాన్న కల నెరవేర్చమని తల్లి ధైర్యం చెప్పడంతో అక్కడే ఉండిపోయాడు. డిసెంబరు 26న మెల్బోర్న్‌లో తన తొలి టెస్టు ఆడాడు. జనవరి 7న సిడ్నీలో జాతీయగీతం వినిపిస్తూంటే చెంపలమీద కన్నీళ్లు జారాయి. నాన్న గుర్తుకొచ్చారని తరవాత చెప్పాడు. బ్రిస్బేన్‌లో రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. జనవరి 21న విమానం దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా, తిన్నగా తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు.

ఆ రెండు నెలలూ అతనికి దుఃఖం లేదంటారా? ఉంది. వెలికి రావడానికి చోటు దొరకలేదు, అంతే. ముస్లిం కుటుంబాల్లో ఖననం వీలైనంత త్వరగా జరిపిస్తారు. గల్ఫులో ఉన్న కొడుకు జనాజాకు అందుకోలేకపోవడం మన జిల్లాల్లో కొత్త కాదు. అలాంటివాడు నెలల తరవాత వచ్చి తండ్రి చెప్పులు చూసి ఏడిస్తే "ఇప్పుడెందుకురా" అనకండి. అతనికి ఆ రోజే మొదటి రోజు. కబరస్తాన్‌కు వెంట తీసుకువెళ్లండి. చివరి రోజుల ముచ్చట్లు ఎన్నిసార్లు అడిగినా చెప్పండి.

ఇక ఇంట్లో మిగిలిన తల్లి సంగతి. నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించే ఆమెకు గడప దాటే పని తక్కువ. బంధువులు వండి పంపుతారు, పక్కన కూర్చుంటారు. మంచి ఆచారం, మందుకన్నా మేలైనది. కాని ఆ సందట్లో ఆమె రక్తపోటు మాత్ర ఎవరికీ గుర్తుండదు. మధుమేహం ఉన్నావిడ మాత్ర మింగి అన్నం మానేస్తే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. కనీసం రెండు ముద్దలు తినిపించండి. వైద్యం అవసరమైతే ఇద్దత్‌లో ఉన్నా ఆసుపత్రికి వెళ్లవచ్చు. సందేహముంటే మీ మౌల్వీగారినే అడగండి.

నిద్ర పట్టకపోవడం, ఆకలి చావడం, గుండె బరువెక్కడం, పోయినవారి గొంతు వినిపించినట్లనిపించడం, ఇవన్నీ మొదటి వారాల్లో మామూలే. పక్కింటివారి నిద్రమాత్రలు మాత్రం వద్దు. అయితే గుండెనొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా "బెంగ" అని సరిపెట్టకండి. ఆత్మీయులు పోయిన తొలి రోజుల్లో గుండెపోటు ముప్పు ఎక్కువ. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఆరు నెలలు దాటినా మనిషి లేచి తన పని తాను చేసుకోలేకపోతున్నా, "నేనూ పోతే బాగుండు" అన్న మాట ఎప్పుడు వినిపించినా మానసిక వైద్యునికి చూపించండి. ఈ రెండో దానికి ఆరు నెలలు కాదు, ఆరు గంటలు కూడా ఆగవద్దు. ప్రభుత్వం వారి టెలి మానస్ నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడతారు.