పాత బండికి గేరుపెట్టె: పరుగు చూడవలెనా? బరువు చూడవలెనా?



మిరపకాయ కల్లములో ఆరుచున్న దినములలో బండి నిలిచిపోయినచో కలుగు కష్టము మన కాకుమాను ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. సరకును గుంటూరు యార్డునకు చేర్చవలెను. ఆకాశమున మబ్బు కనుపించిన గుండె జల్లుమనును. కిరాయి బండివా డడిగినంత ఇయ్యవలెను. అట్టి సమయమున మన పాత పికప్పు బండికి గేరుపెట్టె చెడినచో, "ఏదో యొకటి వేయించి నడిపింతము" అను తొందర పుట్టుట సహజము. ఆ తొందరయే మనకు నష్టము తెచ్చుచున్నదని నా యభిప్రాయము. మారు గేరుపెట్టెను ఎన్నుకొనునపుడు బండి యెంత వేగముగ పరుగెత్తునని గాక, బరువుతో నెంత నెమ్మదిగ నడువగలదని విచారింపవలెను. ఇది మేము సొమ్ము పోగొట్టుకొని నేర్చిన పాఠము.

మేము నలుగురు రైతులము కలసి యొక పాత మహీంద్రా జీపు పికప్పును వాడుకొనుచున్నాము. అమెరికాలోని విల్లీస్ కంపెనీవారి జీపును మహీంద్రావారు 1940వ దశాబ్దపు చివర బొంబాయిలో కూర్ప నారంభించిరి. పిదప పెక్కు సంవత్సరములు ఆ నమూనాను ఈ దేశమందే తయారుచేసిరి. ఆ పాత పెట్రోలు జీపులలో టి-90 అను మూడు గేర్ల పెట్టె యుండెడిది. దాని వెనుక, ముందు చక్రములకు కూడ బలము పంచు ట్రాన్స్‌ఫరు కేసు తగిలింపబడి, మిక్కిలి నెమ్మదిగ లాగు "లో" గేరు నిచ్చెడిది. మా బండి కూర్పును ఇదియే.

నాలుగేండ్ల క్రిందట ఆ పెట్టె రెండవ గేరునుండి తనంతట జారి న్యూట్రలునకు రాసాగెను. పట్టణములో నొక యంగడివారు చూచి, "మూడు గేర్ల కాలము పోయినది. ఐదు గేర్ల పెట్టె వేయింపుడు. మొదటి గేరున బలము హెచ్చు, ఐదవ గేరున పెట్రోలు ఆదా" అనిరి. మేమును సంతోషించి సరే యంటిమి. వారు చెప్పినది అబద్ధము కాదు. అయినను మేము మోసపోతిమి. అది యెట్లో లెక్కతో చెప్పెదను.

టి-90 మొదటి గేరు నిష్పత్తి 2.8. అనగా ఇంజను 2.8 చుట్లు తిరిగిన వెనుక షాఫ్టు ఒక చుట్టు తిరుగును. ఇరుసులోని క్రౌను పినియను నిష్పత్తి 5.38. ఈ రెంటిని హెచ్చవేసిన 15 వచ్చును. ఇంజను 15 చుట్లకు చక్రము ఒక చుట్టు. ఐదు గేర్ల పెట్టెలో మొదటి నిష్పత్తి 3.8, హెచ్చవేసిన 20 వచ్చును. ఇంతవరకు అంగడివారి మాట నిజమే. కాని పాత బండిలో ట్రాన్స్‌ఫరు కేసును "లో"లో వేసినచో 15ను మరల 2.46 చేత హెచ్చవేయవలెను. అది 37 అగును. క్రొత్తగ వచ్చిన పెట్టె రెండు చక్రములు మాత్రమే లాగు బండినుండి తీసినది. దానికి ట్రాన్స్‌ఫరు కేసు తగులదు. మేము 37ను విడిచి 20ని కొనుక్కొంటిమి. ముందు చక్రముల లాగుడును ఉచితముగ వదలుకొంటిమి.

అంతటితో తీరలేదు. ఆ పాత జీపులలో వెనుక క్రౌను పినియను ఇరుసు నడుమ గాక ఒక ప్రక్కకు జరిగి యుండును. క్రొత్త పెట్టె షాఫ్టు నడుమనుండి వచ్చును. ఆ రెంటిని కలుపు ప్రొపెల్లరు షాఫ్టు వంకరగ తిరిగి, జాయింటు క్రాసులు తరచుగ అరిగిపోయెను. చట్రముపై అడ్డుకమ్మిని కోసి వేరొకటి అతుకవలసి వచ్చెను. తుదకు పెట్టె వెలకంటె దాని నమర్చుటకైన వ్యయమే యెక్కువయ్యెను.

ఆ యేడు తుపాను వానకు డొంకలు తడిసియుండగా వరి బస్తాలతో బయలుదేరితిమి. మన రేగడి తడిసిన నెట్లుండునో మీ రెరుగుదురు. బండి కదలుటకు క్లచ్చిని సగము తొక్కిపట్టి ఇంజనును అరిపింపవలసి వచ్చెను. పావుగంటలో ప్లేటు కాలిన వాసన వచ్చెను. తుదకు ట్రాక్టరు తెప్పించి లాగించుకొంటిమి.

ఐదవ గేరు మాటయో! మా చక్రముల కొలతకు గంటకు 60 కిలోమీటర్ల వేగమున పాత మూడవ గేరులో ఇంజను నిమిషమునకు సుమారు 2,400 చుట్లు తిరుగును. ఐదవ గేరు నిష్పత్తి 0.8 అయినచో అది 1,900 చుట్లకు దిగును. ఇది మంచిదే. కాని నిండు బరువుతో మా పాత ఇంజను ఆ గేరును లాగలేకపోయెను. ఖాళీగ తిరిగివచ్చునపుడు మాత్రమే అది యక్కరకు వచ్చెను.

చివరకు మూలబడిన పాత పెట్టెను విప్పించి చూడగా, గేరును పట్టి నిలుపు స్ప్రింగు సడలియుండెను, ఫోర్కు అరిగియుండెను, రెండవ గేరు సింక్రో రింగును, రెండు బేరింగులును పోయియుండెను. పెట్టె గుల్ల చెక్కుచెదరలేదు. ఆ భాగములను మార్పించి మరల బిగించితిమి. రెండేండ్లుగ ఆ పెట్టెయే నడుచుచున్నది.

కావున నా సలహా యిది. మొదట పాత పెట్టెను మూత తీయించి మీ కన్నుల యెదుట చూపింపుమని మిస్త్రీని కోరుడు. గేరు జారుటకు బిగింపు బోల్టులు వదులగుటయు కారణము కావచ్చును. గుల్ల పగులక, ప్రధాన షాఫ్టు చెడక యున్నచో బాగుచేయించుటయే లాభము. పూర్తిగ చెడినచో అదే నమూనా పెట్టెను వెదకుడు. విజయవాడ ఆటోనగరువంటి చోట్ల పాత భాగములను ఓపికతో వెదకవలెను. వేరు నమూనా తప్పనిసరియైనచో, బయానా ఇచ్చుటకు ముందు ఐదు కొలతలు సరిచూచుకొనుడు: ఇంజనునకు బిగియు బోల్టు రంధ్రముల వరుస, ముందు షాఫ్టు పొడవును దాని గాడుల లెక్కయును, ఆ గాడులకు సరిపోవు క్లచ్చి ప్లేటు, పెట్టె మొత్తము పొడవు, వెనుక షాఫ్టు వచ్చు స్థానము. వీనిలో నొకటి తప్పినను వ్యయము రెట్టింపగును. చట్రమును కోయు మార్పైనచో రవాణా కార్యాలయమున ముందుగ అడుగుట మేలు. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను బండ్ల మార్పులను గూర్చినదే.

నూనె విషయములో నొక మాట. పాత పెట్టెలలో సింక్రో రింగులు ఇత్తడివి. జి.ఎల్-5 రకపు నూనెలు కొన్నిటిలోని గంధకపు మందు ఇత్తడిని తినివేయును. జి.ఎల్-4 రకము 90 నంబరు నూనె పోయుట క్షేమము. టి-90లో మొదటి గేరునకు సింక్రో లేదు గనుక, బండి పూర్తిగ నిలిచిన తరువాతనే దానిని వేయవలెను. ఈ రెండును పాటించిన పెట్టె ఆయువు పెరుగును.

ఐదు గేర్ల పెట్టె ఎవ్వరికిని పనికిరాదని నే ననను. పొలమునకు పోక, తారురోడ్డుపైననే కూరగాయలో పాలో వేసికొని దినదినము పట్టణమునకు తిరుగువానికి అది మేలే. ఎవని దారి యెట్టిదో, ఎవని బరువెంతయో వాడే లెక్క వేసికొనవలెను. అంగడివాడు మన డొంకలో దిగి చూడడు గదా!

తుదకు సంఘమునకు నా విన్నపము. మన సభ్యులలో ఇట్టి పాత బండ్లు గలవారు ఎందరో, ఏ నమూనావో ఒక పుస్తకమున వ్రాయింపవలెను. ఒకే నమూనావారు తలకొంత వేసికొని, బాగుచేయించిన గేరుపెట్టె నొకదానిని సంఘపు గోదాములో నుంచుకొన్నచో, కోతల కాలమున ఎవని బండి నిలిచినను దానిని తగిలించుకొని, తన పెట్టెను తీరికగ బాగుచేయించి తిరిగి యుంచవచ్చును. విత్తనములకు, ఎరువులకు ఒక్కటిగ నిలిచిన మనము ఇనుపచక్రముల విషయములో మాత్రము ఒంటరిగ ఏల నష్టపోవలెను? రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ సంగతిని చర్చింపవలెనని కోరుచున్నాను.