నీడ కూడా హక్కే

ఈ వారం ఒక మిత్రుడు యూరప్ యాత్ర కరపత్రం తెచ్చి చూపించాడు. ఇటలీ అంటే అందులో నాలుగే ఊళ్ళు: రోమ్, ఫ్లోరెన్స్, పీసా, వెనిస్. ఫ్లోరెన్స్‌లో వేగంగా వెళ్ళే రైలెక్కితే గంటలోపే వచ్చే బొలోన్యా ఊసే లేదు. పీసాలో వాలిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటో దిగడానికి మాత్రం సగం పూట ఇచ్చారు. కోపం వచ్చింది నాకు.

బొలోన్యాను ఎండ కాసే రోజునే చూడాలి. శాన్ పెట్రోనియో చర్చిలో నేల మీద అరవై మీటర్లు దాటిన గీత ఒకటుంది. 1655లో ఖగోళ శాస్త్రజ్ఞుడు కస్సీని గీయించింది. పైకప్పు రంధ్రంలోంచి జారే సూర్యబింబం మిట్టమధ్యాహ్నం ఆ గీతను దాటుతుంది. 1088లో పుట్టిందని చెప్పుకునే విశ్వవిద్యాలయం ఈ ఊరిదే. లారా బస్సీ అనే మహిళ అక్కడ ఆచార్య పదవి అందుకున్నది 1732లో! చదువు కోసం పిల్లల్ని దేశాలు దాటిస్తున్న తెలుగువాళ్ళకు ఇంతకంటే చూపించాల్సిన ఊరేముంది?

అయినా నా మనసు దోచుకున్నవి అక్కడి పోర్టికోలు. వీధి పొడవునా కమానులు, వాటి కింద నడక దారి, పైన ఇళ్ళ గదులు. అన్నీ కలిపితే 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. నడినెత్తిన సూర్యుడున్నా ఊరి నడిబొడ్డంతా నీడ పట్టునే తిరిగి రావచ్చు. ఊరవతల కొండ మీది శాన్ లూకా గుడి దాకా 666 కమానుల దారి ఉంది. ఏటా కిందికి దిగే మేరీమాత ఊరేగింపు వానకు తడవకూడదని 1674లో మొదలుపెట్టి కట్టారు.

ఈ నీడ ఎవరి దయతోనో రాలేదు. చట్టంతో వచ్చింది. విద్యార్థులతో, వలస జనంతో ఊరు కిక్కిరిసి, ఇళ్ళవాళ్ళు పై గదులను వీధి మీదికి పెంచుకుంటూ పోయారు. నగర పాలకులు వాటిని కూల్చలేదు. 1288లో ఇంటి ముందు పోర్టికో ఉండి తీరాలన్నారు. జాగా యజమానిదే, బాగుచేయించే బాధ్యతా అతనిదే. నడిచే హక్కు మాత్రం అందరిదీ.

మన దగ్గర జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. భవనం యజమానిది, ముందున్న ఫుట్‌పాత్ కూడా ఆయనదే! ర్యాంపు, జనరేటర్, కారు, సరుకుల అట్టపెట్టెలు అన్నీ దాని మీదే. మే నెలలో బడి పిల్లలు, ముసలివాళ్ళు తారు రోడ్డు మీద నడవాలి. ఎండదెబ్బ తగలకుండా గొడుగు వాడమని ప్రభుత్వం చెబుతుంది. గొడుగు పట్టుకుని నడవడానికి దారేది? ఫుట్‌పాత్‌లు ఖాళీ చేయించాలనుకున్న రోజున కూడా ముందు పోయేది తోపుడు బండి. పెద్ద షోరూముల మెట్ల జోలికి ఎవరూ పోరు.

మనకు చేతకాక కాదు. మూసీ వరదల తర్వాత 1912లో ఏర్పడ్డ హైదరాబాద్ నగరాభివృద్ధి మండలి పత్తర్‌గట్టీలో రాతి కమానులతో దుకాణాల వరస కట్టించింది. ఆ తర్వాత ఆ ఆలోచననే మరిచిపోయాం. అద్దాల మేడలకు అనుమతులిస్తున్న మునిసిపాలిటీలు ఒక్క షరతు చేర్చాలి: ప్రధాన వీధిలో కట్టే ప్రతి దుకాణమూ తన ముందు నీడ ఉన్న నడక దారి వదలాలి. ఏడు వందల ఏళ్ళ కిందటే ఒక ఊరు చేసి చూపించిన పని ఇది. ఈనాటి ఇంజినీర్లకు అసాధ్యమంటే నేను నమ్మను.