పురుటికి వెళ్లే అమ్మకు ముందు వాల్వు చూపించండి

రేణిగుంటలో నీళ్లు గడ్డకట్టే చలి ఎవరెరుగుదురు? మన బాధంతా మే నెలతోనే, మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంతగా కాగిపోతాయి. అయినా ఈ సంగతి ఎందుకు రాస్తున్నానంటే, కూతుళ్ల పురుళ్లకని మన వీధుల్లోంచి డల్లాస్ వైపు వెళ్లే అమ్మలు ఎక్కువయ్యారు. అల్లుడు ఆఫీసుకు పోతాడు, కూతురు పసిబిడ్డతో మంచం మీద ఉంటుంది. ఇల్లు చూసేది ఆ అమ్మే.

వెళ్లగానే ఆమెకు మైక్రోవేవ్, డిష్‌వాషర్, టీవీ రిమోట్ నేర్పిస్తారు. ఇంటికి నీళ్లు ఆపే వాల్వు ఎక్కడుందో మాత్రం చెప్పరు. అది మగవాళ్ల పని అని ఒక లెక్క. నాకు ఇది అసలు నచ్చదు. ఇక్కడ మోటారు వేసేది, ట్యాంకు నిండిందా అని చెవి పెట్టి వినేది, గేట్ వాల్వు తిప్పేది మనమే కదా!

2021 ఫిబ్రవరి 16న డల్లాస్‌లో చలి మైనస్ 2 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు దిగింది. మన లెక్కలో దాదాపు మైనస్ 19. ఆ వారంలో టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. పైపులు పగిలి సీలింగులు ఊడిపడ్డాయి. అక్కడి ఇళ్లు కూడా మన ఇళ్లలాగే ఎండను తలుచుకుని కట్టినవి. చాలా ఇళ్లలో పైపులు అటక మీదుగానో బయటి గోడల్లోంచో పోతాయి.

నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి. మంచు ముద్దకూ మూసిన కొళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ల ఒత్తిడికి పైపు చీలుతుంది. చాలాసార్లు అది వెంటనే తెలియదు, మంచు కరిగాకే ధార కడుతుంది. అందుకే రాత్రి కొళాయి సన్నగా వదలమంటారు. మన అమ్మలతో చిక్కంతా ఇక్కడే. ట్యాంకరు దగ్గర బిందెల లెక్కన నీళ్లు పట్టుకున్న చేతులు, కారే కొళాయిని చూసి ఊరుకుంటాయా? మా వీధిలో ఒకామె కూతురింట్లో అర్ధరాత్రి లేచి, మతిమరుపు పిల్ల అనుకుంటూ అన్నీ కట్టేసి పడుకుందట. మర్నాడు గరాజ్ వైపు గోడంతా తడి. ఆమె తప్పేముంది? ఎందుకు వదిలారో ఎవరూ చెప్పలేదు.

ఇక బయటి కొళాయి. హోస్ పైపు విప్పేయాలి. తగిలించి వదిలేస్తే నీళ్లు కొళాయి మెడలోనే నిలిచిపోతాయి, మంచుకు తట్టుకునేలా చేసిన కొళాయి అయినా పగులుతుంది. తర్వాత ఫోమ్ తొడుగు వేయాలి. అది దొరక్కపోతే పాత తువ్వాలు చుట్టి, తడవకుండా పైన ప్లాస్టిక్ కవరు కట్టాలి. సింకు కింద తలుపులు తెరిచి పెట్టాలి, గదిలో వెచ్చదనం పైపుకు తగులుతుంది. కరెంటు పోయి ఇల్లు చల్లబడిపోతుంటే మెయిన్ వాల్వు కట్టేసి, కొళాయిలు తిప్పి పైపులు ఖాళీ చేయడం మేలు.

మా అమ్మాయి మొన్న వీడియో కాల్‌లో చూపించింది. గరాజ్ గోడకు ఒక వాల్వు, రోడ్డు పక్క మూత కింద మీటరు దగ్గర ఇంకొకటి. ఆ రెండోదాన్ని తిప్పడానికి పొడవాటి ఇనుప కడ్డీ లాంటిది కావాలట, ఇంకా కొనలేదు. డిసెంబరులో నేను విమానం ఎక్కేలోగా కొని పెట్టమన్నాను.